ప్యాట్సీ క్లైన్: ఒక్క హిట్ తర్వాత ఆ నాలుగేళ్లు ఏమయ్యాయి?

1957 ఫిబ్రవరిలో 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అనే పాట రికార్డు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. పాడింది వర్జీనియా రాష్ట్రంలోని వించెస్టర్ అనే చిన్న ఊరి అమ్మాయి, ప్యాట్సీ క్లైన్. ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే జాబితాలను అక్కడ చార్టులంటారు. అమెరికా పల్లెల్లో పుట్టిన 'కంట్రీ' సంగీతం చార్టులో ఆ పాట 2వ స్థానం దాకా, పాప్ చార్టులో 12వ స్థానం దాకా వెళ్లింది. కంట్రీ గాయని పాట పాప్ చార్టులో అంత పైకి వెళ్లడం ఆ రోజుల్లో చాలా అరుదు. ఆ రికార్డు రెండో వైపున్న పాట కూడా కంట్రీ చార్టులో కాస్త వినిపించింది. ఇక అంతే. 1961 దాకా ఆమె పాట ఒక్కటి కూడా చార్టు ఎక్కలేదు.

1961లో మళ్లీ మొదలైన వరస మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. 'ఐ ఫాల్ టు పీసెస్', 'క్రేజీ', 'షీజ్ గాట్ యూ' ఏడాది వ్యవధిలో వచ్చాయి. ఈ మూడు పాటల వల్లే అరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె పేరు తెలియని కంట్రీ శ్రోత ఉండడు. మరి మధ్యలో ఏం జరిగింది? గొంతు అదే. పాటలు రికార్డు చేయించిన ఓవెన్ బ్రాడ్లీ కూడా ఎక్కువ భాగం అదే మనిషి. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో వాయించినవాళ్లలో చాలామంది పాతవాళ్లే.

దీనికి అభిమానులు చెప్పే జవాబు ఒకటి ఉంది. ఒక అన్యాయమైన కాంట్రాక్టు ఆమెను కట్టిపడేసిందనీ, అది ముగియగానే స్టార్ అయిందనీ అంటారు. అందులో చాలా నిజం ఉంది. కానీ కాంట్రాక్టు ఒక్కటే కారణమైతే కొన్ని సంగతులు లెక్కకు రావు. ఆ తొలి హిట్ కూడా అదే కాంట్రాక్టు కింద వచ్చిందే. పైగా తర్వాత వచ్చిన పెద్ద హిట్లలో రెండింటిని ఆమె మొదట్లో ఇష్టపడలేదు. పాట గాయని దగ్గరికి ఏ దారిలో వస్తుంది, ఆ దారిలో ఎవరు కూర్చుని డబ్బు వసూలు చేసుకుంటారు అన్నది చూస్తే తప్ప ఈ ముడి విడదని నా అభిప్రాయం.

వించెస్టర్ అమ్మాయి

ఆమె అసలు పేరు వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్‌లీ. 1932 సెప్టెంబర్ 8న వించెస్టర్‌లో పుట్టింది. తండ్రి కమ్మరి. తల్లి హిల్డాకి అప్పటికి పదహారేళ్లే. తల్లీకూతుళ్లను చూసినవాళ్లు అక్కచెల్లెళ్లనుకునేవాళ్లట. తండ్రికి పని దొరికిన చోటల్లా కాపురం మారుస్తూ వర్జీనియా అంతా తిరిగి, చివరికి వించెస్టర్‌లోనే సౌత్ కెంట్ వీధిలో ఒక చిన్న ఇంట్లో కుదురుకున్నారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాక చదువు ఆగిపోయింది. కోళ్లను కోసి శుభ్రం చేసే ఫ్యాక్టరీలో కొన్నాళ్లు, ఊళ్లో గాంట్స్ అనే మందుల షాపులో సోడా కౌంటర్ దగ్గర మరికొన్నాళ్లు పని చేసింది. తల్లి బట్టలు కుట్టి ఇల్లు నడిపేది. కూతురు స్టేజీ ఎక్కేటప్పుడు వేసుకున్న కుచ్చుల కౌగర్ల్ డ్రెస్సులన్నీ హిల్డా కుట్టినవే. సంగీతం చదవడం, రాయడం ప్యాట్సీకి రాదు. విని నేర్చుకునేది. పదమూడేళ్ల వయసులో వచ్చిన తీవ్రమైన జ్వరం, గొంతు జబ్బు తగ్గాకే తనకు ఈ పెద్ద గొంతు వచ్చిందని తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పుకునేది. వైద్యులు ఏమంటారో గానీ ఆమె మాత్రం అది గట్టిగా నమ్మింది.

ఊరి రేడియో స్టేషన్‌కి తనంతట తనే వెళ్లి పాడతానని అడిగింది. పగలు పని, రాత్రి చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బుల్లో పాట. 1952లో బిల్ పీర్ అనే బ్యాండ్ లీడర్ ఆమెను తన బృందంలోకి తీసుకున్నాడు. ఆమె మధ్య పేరు ప్యాటర్సన్ నుంచి 'ప్యాట్సీ' అనే స్టేజీ పేరు పెట్టింది అతనే. 1953లో జెరాల్డ్ క్లైన్‌ని పెళ్లి చేసుకోవడంతో ఇంటిపేరు వచ్చింది. ఆ పెళ్లి నాలుగేళ్లకే విడాకులతో ముగిసింది, ఇంటిపేరు మాత్రం చివరిదాకా ఉండిపోయింది.

సంతకం పెట్టిన కాగితం

1954 సెప్టెంబర్‌లో ఆమె ఫోర్ స్టార్ అనే కంపెనీతో కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్న ఆ కంపెనీని నడిపేవాడు బిల్ మెకాల్. ఆమె వాటా రికార్డు అమ్మకాల మీద 2.34 శాతం. అప్పట్లో పేరున్న కంపెనీలు ఇచ్చేదానిలో అది సగం కూడా ఉండదు. రెండో షరతు ఇంకా ముఖ్యమైనది. ఏ పాట రికార్డు చేయాలన్నా మెకాల్ ఒప్పుకోవాలి. అతను ఒప్పుకునేవి దాదాపు అన్నీ తన కంపెనీకి హక్కులున్న పాటలే.

ఈ రెండో షరతు ఎందుకంత బరువైందో తెలియాలంటే అమెరికాలో పాట మీద డబ్బు ఎలా కదులుతుందో చూడాలి. మన సినిమా పాటకు అలవాటుపడ్డవాళ్లకి ఇది కొంచెం కొత్తగా ఉంటుంది. మన దగ్గర పాట సినిమాతో పుడుతుంది. సంగీత దర్శకుడు ట్యూన్ కడతాడు, గాయని వచ్చి పాడి వెళ్తుంది. నాష్‌విల్‌లో అలా కాదు. పాట రాసినవాడు తన పాటను 'పబ్లిషర్' అనే మధ్యవర్తి చేతికిస్తాడు. పబ్లిషర్ ఆ పాటను గాయకుల దగ్గరికి, రికార్డు కంపెనీల దగ్గరికి మోసుకెళ్లి పాడించుకుంటాడు. పాడినందుకు వచ్చే డబ్బు వేరు, పాటకు వచ్చే డబ్బు వేరు.

1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం, అమ్ముడైన ప్రతి రికార్డు మీదా ఒక్కో పాటకు 2 సెంట్లు పబ్లిషర్‌కి చేరాలి. అందులో సగం రాసినవాడికి ఇవ్వడం ఆనవాయితీ. ఈ 2 సెంట్ల రేటు 1970ల చివరిదాకా మారలేదు. రేడియోలో పాట మోగినప్పుడు కూడా డబ్బు వచ్చేది పాట రాసినవాడికి, పబ్లిషర్‌కే. పాడిన గాయనికి అమెరికా మామూలు రేడియో ఇవాళ్టికీ ఒక్క పైసా ఇవ్వదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, కానీ అదే నిజం.

ఇప్పుడు మెకాల్ వైపు నుంచి లెక్క వేద్దాం. ఒక డాలరు ఖరీదు చేసే రికార్డు అనుకోండి. దానికి రెండు వైపులు, రెండు పాటలు. రెండూ తన పాటలే అయితే పాటల కింద 4 సెంట్లు వస్తాయి. గాయనికి ఇవ్వాల్సింది 2.34 సెంట్లు. అది కూడా చేతికి వెంటనే రాదు. స్టూడియో అద్దె, వాయిద్యకారుల జీతాలు అన్నీ ఆమె ఖాతాలో అప్పుగా రాసి, అవి తీరాక మిగిలితేనే ఇస్తారు. పాట హిట్ కాకపోతే ఆమె ఖాతాలో మిగిలేది అప్పే. మధ్యలో చేతిఖర్చుకు అడ్వాన్సు అడిగితే అదీ ఆ ఖాతాలోకే చేరుతుంది. గాయని ఎంత బాగా పాడుతుందన్నదానికంటే ఎవరి పాట పాడుతుందన్నదే మెకాల్‌కి లాభం.

అతను మరో పని కూడా చేసేవాడు. డబ్బు అవసరంలో ఉన్న పాటల రచయితల దగ్గర పాటలు కొని, డబ్ల్యూ. ఎస్. స్టీవెన్సన్ అనే మారుపేరుతో తానూ రచయితగా పేరు వేసుకునేవాడు. ప్యాట్సీ మొదటి రికార్డు మీద కూడా ఆ పేరు ఉంది. అయితే ఇలాంటి బేరం అతనొక్కడే చేసింది కాదని కూడా చెప్పాలి. తర్వాత పెద్ద కంట్రీ గాయకుడైన విల్లీ నెల్సన్ లాంటివాడు కూడా ఇబ్బందుల్లో ఉన్నప్పుడు 'ఫ్యామిలీ బైబిల్' అనే పాటను 50 డాలర్లకు అమ్ముకున్నాడు. అప్పటి వ్యాపారం తీరే అలా ఉండేది. మెకాల్ దాన్ని ఒక గాయని కెరీర్ చుట్టూ కంచెలా కట్టాడు.

కథలో ఇంకో కంపెనీ కూడా ఉంది. ఫోర్ స్టార్ చిన్నది. దేశమంతటా రికార్డులు పంచే బలం దానికి లేదు. అందుకని మెకాల్ ఆమె రికార్డింగులను డెక్కా అనే పెద్ద కంపెనీకి లీజుకు ఇచ్చాడు. డెక్కా తరఫున నాష్‌విల్‌లో పాటలు రికార్డు చేయించే ఓవెన్ బ్రాడ్లీ ఆమెకు అలా దొరికాడు. రికార్డుల మీద ముందు డెక్కాకే చెందిన కోరల్ అనీ, తర్వాత డెక్కా అనీ లేబుల్ కనిపించేది. చూసినవాళ్లు ఆమె డెక్కా గాయని అనుకునేవాళ్లు. పాట ఎంపిక మాత్రం పాసడీనాలో జరిగేది.

ఇష్టం లేని హిట్

1955 జూన్‌లో మొదటిసారి రికార్డు చేశారు. ఏడాదిన్నరలో వచ్చిన రికార్డులేవీ అమ్ముడుపోలేదు. 1956 నవంబర్‌లో మెకాల్ 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' పంపాడు. డాన్ హెక్ట్, అలన్ బ్లాక్ ఆ పాటను మొదట కే స్టార్ అనే పాప్ గాయనిని దృష్టిలో పెట్టుకుని రాశారు. ప్యాట్సీకి నచ్చలేదు. ఇది కంట్రీ పాటే కాదు, పాప్ పాట అని పట్టుబట్టింది. చివరికి ఒక రాజీ కుదిరింది. దాన్ని పాడితే, ఆమె మనసుపడ్డ 'ఎ పూర్ మ్యాన్స్ రోజెస్' కూడా పాడనిస్తామన్నారు. అది ఫోర్ స్టార్ పాట కాదు. కంచెలో అప్పుడప్పుడు ఇలాంటి సందులు ఉండేవని ఇక్కడ గమనించాలి.

1957 జనవరి 21న న్యూయార్క్‌లో ఆర్థర్ గాడ్‌ఫ్రే టీవీ షోలో ఆమెకు అవకాశం వచ్చింది. కొత్తవాళ్లను ఎవరో ఒకరు 'కనిపెట్టి' తీసుకువచ్చి పరిచయం చేయడం ఆ షో పద్ధతి. ప్యాట్సీని పరిచయం చేసింది తల్లి హిల్డానే, తల్లినని చెప్పకుండా. తల్లి కుట్టిన కౌగర్ల్ డ్రెస్సు వేసుకుని, తనకిష్టమైన పాట పాడాలని ప్యాట్సీ అనుకుంది. షో వాళ్లు రెండూ కుదరవన్నారు. మామూలు పార్టీ గౌను వేసుకుని 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' పాడమన్నారు. పాడింది, గెలిచింది. జనం అడుగుతుంటే డెక్కా హడావిడిగా రికార్డు విడుదల చేసింది.

ఆ నాలుగేళ్లు

హిట్ తర్వాత వెంటనే ఇంకో మంచి పాట పడాలి. ఎక్కడైనా అంతే. ఆమెకు పడలేదు.

ఇక్కడ కాంట్రాక్టు పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. ఒక గాయని హిట్ కొట్టిందంటే నాష్‌విల్‌లోని మంచి రచయితలంతా తమ పాటలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడతారు. ప్యాట్సీ గుమ్మం ముందుకు ఎవరూ రాలేదు. ఆమె వేరే పబ్లిషర్ల పాట పాడటానికి వీల్లేదని వాళ్లకు తెలుసు. ఫోర్ స్టార్ పెట్టెలో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. ఆ పెట్టె చిన్నది. 1955 నుంచి 1960 మొదటిదాకా ఆమె ఫోర్ స్టార్ కింద పాడిన పాటలు సుమారు 50. వాటిలో 'త్రీ సిగరెట్స్ ఇన్ యాన్ యాష్‌ట్రే' లాంటి మంచివి ఉన్నాయి. ఒక టేబుల్, మూడు సిగరెట్లు, అంతలోనే ఒక ప్రేమ ఎలా చేజారిపోయిందో చెప్పే ఆ పాటను ఎవరైనా తీరిక చేసుకుని వినాలి. చాలా మటుకు మాత్రం గొంతు గొప్పగా ఉండి, పాట వెంటనే మరిచిపోయేవి.

కానీ మిగతా కారణాలను పక్కన పెట్టేస్తే ఆ కాలాన్ని సగమే చూసినట్టు.

1956లో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ రాకతో కంట్రీ సంగీతం అమ్మకాలు దెబ్బతిన్నాయి. కుర్రకారు అటు మళ్లింది. ఫిడేలు, స్టీల్ గిటార్‌తో సాగే పాత పద్ధతి పాట వినేవాళ్లు తగ్గారు. ఏం చేయాలో నాష్‌విల్‌లో ఎవరికీ తెలియలేదు. ఆ గందరగోళం ప్యాట్సీ రికార్డుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. ఒకసారి రాక్ అండ్ రోల్ ఊపున్న పాట, ఇంకోసారి పాత తరహా ఏడుపు పాట, మరోసారి చర్చి పాట. 1957 ఏప్రిల్‌లో ఆమెను న్యూయార్క్ తీసుకెళ్లి అనీటా కెర్ సింగర్స్ కోరస్‌తో పాడించారు. అంటే తర్వాత ఆమెకు పేరు తెచ్చిన హంగును అప్పుడే ప్రయత్నించారు. అది అప్పుడు పనిచేయలేదు. ఏ గొంతుకు ఏ హంగు ఎంత మోతాదులో కలపాలో అప్పటికి ఎవరికీ పట్టుబడలేదు.

ఆ నేర్చుకోవడం వేరే చోట జరిగింది. ఆర్‌సీఏ కంపెనీలో చెట్ అట్కిన్స్ గాయకుడు జిమ్ రీవ్స్‌తో, డెక్కాలో ఓవెన్ బ్రాడ్లీ గాయని బ్రెండా లీతో చేసిన రికార్డుల్లో ఒక కొత్త పద్ధతి స్థిరపడింది. ఫిడేలు, స్టీల్ గిటార్‌ని వెనక్కి నెట్టి, మెత్తటి కోరస్‌ని, పియానోని, కొన్నిసార్లు పాశ్చాత్య శాస్త్రీయ తరహా వయొలిన్ల బృందాన్ని ముందుకు తెచ్చారు. దాన్నే నాష్‌విల్ సౌండ్ అన్నారు. 1960లో బ్రాడ్లీ బ్రెండా లీతో చేసిన 'ఐయామ్ సారీ' పాప్ చార్టులో 1వ స్థానానికి వెళ్లింది. ప్యాట్సీకి కాంట్రాక్టు నుంచి విడుదల దొరికే సమయానికి బ్రాడ్లీ చేతికి ఆ పద్ధతి బాగా అలవాటైపోయింది. రెండేళ్ల ముందే ఆమె విడుదలై ఉంటే ఇదే ఫలితం వచ్చేదా? వచ్చేదని నేను అనుకోను.

మూడో సంగతి ఆమె అభిరుచి. గొంతును కింది స్థాయి నుంచి పై స్థాయికి టక్కున మారుస్తూ పాడే యోడలింగ్ అంటే ఆమెకు ప్రాణం. గొంతు చించుకుని, ఉరకలేస్తూ పాడే పాటలంటే ఇష్టం. మెల్లగా, నిట్టూర్పులా సాగే పాటలను ఆమె నమ్మేది కాదు. తన గొంతులోని అసలు బలం ఆ మెల్లని పాటల్లోనే ఉందని మొదట గుర్తించినవాడు బ్రాడ్లీ. ఈ విషయంలో వాళ్లిద్దరి మధ్యా చివరిదాకా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. వాదించి, చివరికి పాడి చూపించడం ఆమె గొప్పతనం.

ఇంట్లో కూడా ఈ ఏళ్లు ఖాళీగా లేవు. 1957 సెప్టెంబర్‌లో వించెస్టర్ పత్రికలో అచ్చుకు అక్షరాలు కూర్చే లైనోటైప్ యంత్రం ఆపరేటర్‌గా పనిచేసే చార్లీ డిక్‌ని పెళ్లి చేసుకుంది. మరుసటి ఏడాది కూతురు పుట్టింది. 1959లో కుటుంబం నాష్‌విల్‌కి మారింది. ర్యాండీ హ్యూస్ అనే గిటారిస్టు ఆమె మేనేజర్ అయ్యాడు. 1960 జనవరిలో గ్రాండ్ ఓల్ ఆప్రీలో సభ్యత్వం కావాలని తనే నోరు తెరిచి అడిగింది, ఇచ్చారు. కంట్రీ సంగీతంలో అది ఆస్థానం లాంటి చోటు. శనివారం రాత్రి అక్కడి నుంచి పాట రేడియోలో దేశంలో చాలా భాగానికి వెళ్లేది.

మూడు పాటలు, ఒకే పబ్లిషర్

1960లో ఫోర్ స్టార్ కాంట్రాక్టు ముగిసింది. డెక్కా ఆమెతో నేరుగా ఒప్పందం చేసుకుంది. నాష్‌విల్‌లో ఉన్న ఏ మంచి పాటైనా ఇక ఆమె పాడొచ్చు.

ముందు వచ్చింది 'ఐ ఫాల్ టు పీసెస్'. హ్యాంక్ కాక్రన్, హార్లన్ హోవర్డ్ రాసిన పాట. బ్రెండా లీ వద్దంది, రాయ్ డ్రస్కీ అనే గాయకుడు వద్దన్నాడు. అలా తిరిగి తిరిగి ప్యాట్సీ దగ్గరికి వచ్చింది. 1960 నవంబర్ 16న రికార్డు చేశారు. ఎల్విస్‌కి కోరస్ పాడే జోర్డనేర్స్ బృందాన్ని బ్రాడ్లీ పిలిపించాడు. నలుగురు మగవాళ్ల గొంతుల కింద తన గొంతు మునిగిపోతుందని ఆమె భయపడింది. విన్నాక ఆ భయం పోయింది. 1961 జనవరి చివర్లో విడుదలైన ఆ పాట నెమ్మదిగా పైకి పాకి, ఆగస్టులో కంట్రీ చార్టులో 1వ స్థానానికి చేరింది.

ఈలోగా ఘోరం జరిగింది. 1961 జూన్ 14న నాష్‌విల్‌లో ఆమె తమ్ముడితో వెళ్తున్న కారు ఎదురుగా వచ్చిన కారును ఢీకొంది. ఆ దెబ్బకు ఆమె ముందు అద్దంలోంచి బయటికి విసిరేసినట్టు పడింది. నుదురు చీలింది, మణికట్టు విరిగింది, తుంటి ఎముక పక్కకు జరిగింది. దాదాపు నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పటికి కొత్తగా వచ్చిన లోరెటా లిన్ అనే గాయని రేడియోలో 'ఐ ఫాల్ టు పీసెస్' పాడి ఆమెకు అంకితం ఇచ్చింది. ప్యాట్సీ ఆసుపత్రి నుంచే ఆమెను చూడాలని కబురు పంపింది. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. తర్వాత లోరెటా లిన్ ఎంత పెద్ద గాయని అయిందో కంట్రీ వినేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆగస్టులో చంకకర్రలతోనే స్టూడియోకి వచ్చింది. ఆ రోజు పని 'క్రేజీ'. రాసినవాడు విల్లీ నెల్సన్. అప్పటికి పేరు లేదు, పామ్పర్ మ్యూజిక్ అనే పబ్లిషర్ దగ్గర వారానికి 50 డాలర్ల జీతానికి పాటలు రాస్తున్నాడు. అతను పాడి ఇచ్చిన నమూనా ఆమెకు చిరాకు తెప్పించింది. విల్లీ తాళానికి కొంచెం వెనకగా, మాట్లాడుతున్నట్టు పాడతాడు. అలా పాడటం తన వల్ల కాదంది. బ్రాడ్లీ అతనిలా పాడొద్దు, నీలా పాడు అని ఒప్పించాడు.

మామూలుగా నాష్‌విల్‌లో మూడు గంటల్లో మూడు నాలుగు పాటలు పూర్తి చేస్తారు. స్వరాలు రాసుకుని వచ్చేవాళ్లు తక్కువ. వాయిద్యకారులు నమూనా విని, అక్కడికక్కడే ఎవరెక్కడ వాయించాలో అనుకుని మొదలుపెట్టేస్తారు. ఆ రోజు ఒక్క 'క్రేజీ'కే నాలుగు గంటలు పట్టింది. వాయిద్యం బ్రహ్మాండంగా కుదిరింది. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో ఆ పాటకు ప్రాణం. కానీ ప్యాట్సీ పక్కటెముకల నొప్పితో పై స్థాయి స్వరాలు నిలపలేకపోయింది. బ్రాడ్లీ అప్పటికి ఆపేశాడు. వాయిద్యాన్ని టేపు మీద భద్రం చేసి, ఆమె కోలుకున్నాక మళ్లీ పిలిచి, దాని మీద గొంతు ఒక్కటే రికార్డు చేశాడు. ఇప్పుడు అన్ని పాటలూ ఇలాగే చేస్తారు గానీ, అందరూ ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించే ఆ రోజుల్లో అది మామూలు పద్ధతి కాదు. అందరూ వింటుండగా పాడే ఒత్తిడి లేదు. బహుశా అందుకే ఆ పాటలో ఆమె ఒక్కర్తే మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కంట్రీ చార్టులో 2, పాప్ చార్టులో 9.

మూడోది 'షీజ్ గాట్ యూ', కాక్రన్‌దే. దీని విషయంలో మాత్రం వాదన లేదు. అతను ఇంటికి వచ్చి వినిపించగానే మనసుపడి నేర్చేసుకుంది. 1962లో కంట్రీ చార్టులో 1వ స్థానం.

ఈ మూడు పాటలనూ పామ్పర్ మ్యూజిక్ అనే ఒక్క పబ్లిషరే తెచ్చాడు. ఇది ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం. ఫోర్ స్టార్ కూడా పబ్లిషరే. రెండూ చేసింది పాటల వ్యాపారమే, రెండిటికీ వచ్చింది అదే 2 సెంట్లు. పామ్పర్ రచయితలకు వారం వారం జీతమిచ్చి, బాగా రాయించి, ఆ పాటల్ని ఎవరు బాగా పాడతారో వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగేది. పాట బాగోకపోతే ఎవరూ పాడరు కాబట్టి మంచి పాట రాయించక తప్పదు. ఫోర్ స్టార్ గాయనిని కట్టేసి తన దగ్గరున్నది పాడించేది. పాట ఎలా ఉన్నా పాడేవాళ్లు ఉన్నారు కాబట్టి మంచి పాట కోసం తాపత్రయం అక్కర్లేదు. బిల్ మెకాల్ స్వభావం గురించి అభిమానులు ఎంత తిట్టుకున్నా, నష్టం జరిగింది ఈ తేడా వల్ల.

రెండేళ్ల మూడు నెలలు

డెక్కాతో ఆమె పాడిన కాలం 1960 నవంబర్ నుంచి 1963 ఫిబ్రవరి దాకా. అంతే. బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బములు మూడే: 1957లో ఒకటి, 1961లో ఒకటి, 1962లో ఒకటి. 1961 నవంబర్‌లో ఆప్రీ బృందంతో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడింది. మరుసటి ఏడాది చివర్లో లాస్ వేగాస్‌లో నెలకు పైగా కచేరీలు చేసింది. నాష్‌విల్ శివార్లలో తను కలగన్న ఇల్లు కొనుక్కుంది. 1963 ఫిబ్రవరి మొదటి వారంలో వరసగా నాలుగు రోజులు స్టూడియోలో గడిపింది. డాన్ గిబ్సన్ రాసిన 'స్వీట్ డ్రీమ్స్' అప్పుడు పాడిందే.

మార్చి 3న కాన్సస్ సిటీలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక రేడియో వ్యాఖ్యాత కుటుంబం కోసం జరిగిన కచేరీలో డబ్బు తీసుకోకుండా పాడింది. వాతావరణం బాగోక మర్నాడు బయల్దేరలేకపోయారు. మార్చి 5న మేనేజర్ ర్యాండీ హ్యూస్ తన చిన్న విమానంలో ఆమెనూ, కౌబాయ్ కోపస్, హాక్‌షా హాకిన్స్ అనే గాయకులనూ తీసుకుని బయల్దేరాడు. బయట ఏమీ కనపడనప్పుడు మీటర్లు చూసి నడిపే అర్హత అతనికి లేదు. చీకటిలో, చెడు వాతావరణంలో టెనెసీ రాష్ట్రంలోని క్యామ్‌డెన్ దగ్గర అడవిలో విమానం కూలింది. నలుగురూ చనిపోయారు. ప్యాట్సీకి ముప్పై ఏళ్లు. కూతురికి నాలుగేళ్లు, కొడుక్కి రెండు.

ఇప్పుడు వినేవాళ్లకి

పాత కాంట్రాక్టు ఆమెతో పోలేదు. ఇవాళ ప్యాట్సీ క్లైన్ పేరు కొట్టి వెతికితే పదుల కొద్దీ ఆల్బములు వస్తాయి. తీరా వింటే 'క్రేజీ' ఉండదు, ఎప్పుడూ వినని పాటలు ఉంటాయి. దానికి కారణం అదే కాగితం. ఫోర్ స్టార్ కాలం నాటి రికార్డింగులు డెక్కాకి లీజుకు మాత్రమే వెళ్లాయి, అమ్ముడుపోలేదు. ఆమె పోయాక అవి చేతులు మారుతూ చవక లేబుళ్ల దగ్గరికి చేరాయి. వాళ్లు అవే పాటల్ని అటూఇటూ మార్చి, కొత్త అట్టలతో, కొత్త పేర్లతో దశాబ్దాల తరబడి అమ్మారు. కాబట్టి పేరు చూసి కాదు, రికార్డు చేసిన సంవత్సరం చూసి వినండి. 1960 నవంబర్ తర్వాతవి డెక్కావి, అంతకు ముందువి ఫోర్ స్టార్‌వి. 1981లో జిమ్ రీవ్స్‌తో కలిసి పాడినట్టు వచ్చిన యుగళగీతం కూడా నిజమైంది కాదు. ఇద్దరూ చనిపోయాక, వేర్వేరు టేపుల నుంచి రెండు గొంతులు తీసి స్టూడియోలో అతికించినదది.

1967లో డెక్కా తెచ్చిన 'గ్రేటెస్ట్ హిట్స్' ఆల్బము కోటి కాపీలు దాటి అమ్ముడైంది. 1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి బృందంలో భాగంగా కాక సోలో గాయనిగా చేరిన మొదటి మహిళ ఆమే.

ఆ 'గ్రేటెస్ట్ హిట్స్'లో 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' ఉంది. చాలామంది అదే 1957 నాటి హిట్ అనుకుంటారు. కాదు. 1961 ఆగస్టులో, కారు ప్రమాదం తర్వాతి వారాల్లో, బ్రాడ్లీ ఆమెతో ఆ పాటను మళ్లీ పాడించాడు. అసలుదాంట్లో డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్ గట్టిగా వినిపిస్తుంది, కోరస్ ఉండదు. రెండోదాంట్లో జోర్డనేర్స్ ఉంటారు, నడక మెత్తబడుతుంది. నాకు మొదటిదే ఇష్టం. అందులో ఆమెకు ఇంకా పాట మీద నమ్మకం కుదరలేదు, ఆ పెంకితనం గొంతులో తెలుస్తుంది. రెండోది డెక్కా సొంత రికార్డింగు. అమ్ముడైన కాపీల మీద ఆమె వాటా డెక్కా లెక్క ప్రకారం ఆమె కుటుంబానికి వెళ్లింది. పాట మాత్రం ఫోర్ స్టార్‌దే. కాబట్టి ఆ కోటి కాపీల్లో ప్రతి ఒక్కదాని మీదా, ఆ ఒక్క పాటకు చట్టం ప్రకారం రావాల్సిన సెంట్లు 1956లో దాన్ని ఆమె చేత పాడించిన కంపెనీ పాటల హక్కులు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి వెళ్లాయి.